వెతకడం, రాయడం: సంఘ సభ్యులకు సెల్‌ఫోను మెలకువలు

(హాలియాలో పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



సాగర్ ఎడమ కాలువకు 1967లో నీరు వదిలిన తరువాత ఈ ప్రాంతంలో వరి పెరిగింది. వరితోపాటు గడ్డి దొరికింది. గడ్డి దొరికిన చోట బర్రెలు నిలిచాయి. నేడు అనుముల, నిడమనూరు, పెద్దవూర, త్రిపురారం మండలాల్లో ఎన్నో ఇళ్ళకు పంట డబ్బు ఆరు నెలలకు వస్తే, పాల డబ్బు పదిహేను రోజులకు వస్తున్నది. ఆ డబ్బు ఇప్పుడు చేతికి కాక బ్యాంకు ఖాతాకు చేరుతున్నది. చేరిందన్న కబురు సెల్‌ఫోనుకు వస్తున్నది. అందుచేత పాడి గురించి మాట్లాడేటప్పుడు సెల్‌ఫోను గురించి కూడా మాట్లాడవలసిన రోజులు వచ్చాయి.

సెల్‌ఫోనుతో సంఘ సభ్యుడు చేయగల మంచి పనులు చాలా ఉన్నాయి. వాటిలో రెండింటిని మాత్రమే ఈనాడు తీసుకుంటాము. ఒకటి, కావలసిన సమాచారం వెతకడం. రెండవది, ఈ-మెయిలు ద్వారా ఉత్తరం రాయడం.

ఈ రెండింటికీ మూలసూత్రం మీకు తెలియనిది కాదు. మీరు సంఘానికి పాలు తెస్తే, తెల్లగా ఉన్నాయి గదా అని కార్యదర్శి డబ్బు రాయడు. కొలుస్తాడు, నమూనా తీస్తాడు, వెన్న శాతం చూస్తాడు, చీటీ ఇస్తాడు. ఫోనులో కనిపించే సమాచారాన్ని కూడా అట్లాగే పరీక్షించి తీసుకోవాలి. మనం ఎవరికైనా ఏదైనా చెప్పుకుంటే దానికి కూడా చీటీ ఉండాలి. పరీక్ష మొదటి పనికి, చీటీ రెండవ పనికి.

వెతకడం ఎట్లా?

ముందుగా గూగుల్ అంటే ఏమిటో తెలుసుకుందాము. ఇది 1998లో అమెరికాలో స్థాపించబడిన సంస్థ. అన్నీ తెలిసిన పండితుడు మాత్రం కాదు. లోకంలోని వెబ్‌సైట్లను యంత్రాలతో ముందే చదివించి, ఏ మాట ఏ పేజీలో ఉన్నదో పట్టిక తయారు చేసి పెట్టుకుంటుంది. మనం మాట వేయగానే ఆ పట్టికలో చూసి పేజీలను వరుసగా చూపిస్తుంది. ఆ పేజీలను రాసినవారు వేరు. వారిలో పశువైద్యులు ఉంటారు, మందులు అమ్మేవారు ఉంటారు, మోసగాళ్ళు కూడా ఉంటారు. కాబట్టి "గూగుల్ చెప్పింది" అనే మాటను మనం మానుకోవాలి. "ఫలానా వారు చెప్పారు, గూగుల్ చూపించింది" అనడం సరి అయిన మాట.

ఇక మెలకువలు చెబుతాము.

1. మాటలు తక్కువగా, సూటిగా వేయండి. "మా బర్రె రెండు రోజుల నుండి సరిగ్గా పాలు ఇవ్వడం లేదు ఏమి చేయాలి" అని వేస్తే నానా రకాల పేజీలు వస్తాయి. "బర్రె పొదుగువాపు లక్షణాలు" అని వేస్తే పని దగ్గరపడుతుంది. పుస్తకాల్లో గేదె అని రాస్తారు కనుక, బర్రె అని వేసి చూసిన తరువాత గేదె అని కూడా వేసి చూడండి. రెండింటికీ వేరు వేరు పేజీలు రావచ్చు.

2. చోటు పేరు, సంవత్సరం జతచేయండి. "గాలికుంటు టీకా" అని ఊరకే వేస్తే వేరే రాష్ట్రం సంగతులు, ఏనాటివో వార్తలు వస్తాయి. "గాలికుంటు టీకా నల్గొండ" అని, పక్కన ఈ సంవత్సరం అంకె వేయండి. పథకాల విషయంలో ఇది మరీ ముఖ్యం. ముగిసిపోయిన పథకం పేజీ కూడా తెర మీద కొత్తదానిలాగే కనిపిస్తుంది. పేజీ తెరవగానే తేదీ చూసే అలవాటు చేసుకోండి.

3. టైపు చేయడం రానివారు నోటితో అడగవచ్చు. వెతికే గడి పక్కన మైకు బొమ్మ ఉంటుంది. దానిని నొక్కి తెలుగులో మాట్లాడితే అదే రాసుకుంటుంది. చదువు రాదని వెనుకంజ వేయవలసిన పని లేదు. అయితే అది రాసుకున్న మాట సరిగ్గా ఉన్నదో లేదో ఇంట్లో చదువుకునే పిల్లలతో ఒకసారి చూపించుకోండి.

4. ఒకే మాట వరుస కావాలంటే దానికి రెండు వైపులా కొటేషన్ గుర్తులు పెట్టండి. అప్పుడు ఆ వరుస ఉన్న పేజీలకే వెతుకులాట పరిమితమవుతుంది. ఉత్తర్వు నంబరు, పథకం పూర్తి పేరు వెతికేటప్పుడు ఇది బాగా ఉపయోగపడుతుంది.

5. ప్రభుత్వ సైట్లు మాత్రమే కావాలంటే ఒక ఉపాయం ఉన్నది. వెతికే మాటల పక్కన ఇంగ్లీషులో సైట్ అని రాసి, నిలువుగా రెండు చుక్కలు ఉండే గుర్తు పెట్టి, మధ్యలో జాగా వదలకుండా జిఓవి డాట్ ఐఎన్ అని వేయండి. అప్పుడు అమ్మకందారుల పేజీలు తొలగిపోతాయి. కార్యదర్శులు దీనిని తప్పక నేర్చుకోవలసి ఉన్నది.

6. అన్నిటికన్నా పైన కనిపించేది అన్నిటికన్నా మంచిది అనుకోకండి. పైన "స్పాన్సర్డ్" అని చిన్న అక్షరాలతో ఉంటే, అది డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటన అని అర్థం. సంతలో ముందు వరుసలో కట్టిన పశువే మంచి పశువు కాదు గదా! అట్లాగే కొన్నిసార్లు యంత్రం తానే నాలుగు పేజీలు కలిపి సంక్షిప్తంగా జవాబు చెబుతుంది. అందులో పొరపాట్లు ఉంటాయి. మందు మోతాదు విషయంలో దానిని పట్టుకొని సూది వేయించరాదు.

7. పేజీ ఎవరిదో చిరునామా చివర చూడండి. మన దేశ ప్రభుత్వ సైట్లు సాధారణంగా జిఓవి డాట్ ఐఎన్ అనిగాని, ఎన్ఐసి డాట్ ఐఎన్ అనిగాని ముగుస్తాయి. బ్యాంకుల సైట్లను "బ్యాంక్ డాట్ ఇన్" అనే చిరునామాకు 2025 అక్టోబరు 31లోగా మార్చవలసిందిగా రిజర్వు బ్యాంకు ఆదేశించింది. చిరునామా మధ్యలో బ్యాంకు పేరు ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. మధ్యలో ఎవరైనా ఏ పేరైనా రాసుకోవచ్చు. చివరను చూడండి.

పరీక్షించకుండా తీసుకుంటే ఏమవుతుంది?

ఇందుకు పాడి రంగం నుండే రెండు సంగతులు చెబుతాము.

2022లో మన దేశంలో అనేక రాష్ట్రాల్లో పశువులకు లంపీ చర్మ వ్యాధి వచ్చింది. పశువులు నష్టపోయింది చాలక, వ్యాధి సోకిన పశువుల పాలు తాగితే మనుషులకు అంటుకుంటుందని ఫోన్లలో పుకార్లు తిరిగాయి. ఇది నిజం కాదు. ఆ వ్యాధి పశువుల నుండి మనుషులకు సోకేది కాదు. పాలు కాచి తాగితే భయం లేదని శాస్త్రవేత్తలు అప్పుడే చెప్పారు. అయినా పుకారు ముందు పరుగెత్తింది, శాస్త్రం వెనుక నడిచింది. ఇటువంటి పుకారును ఒక పాల రైతే తన గ్రూపులో ఇంకొకరికి పంపితే, తన పాలకు తానే గిరాకీ తగ్గించుకున్నట్లు. ఆ సమయంలో రెండు నిమిషాలు ఆగి, ప్రభుత్వ సైటులోగాని, రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం సైటులోగాని చూడడం మన పని. లేదా ఊరి పశువైద్యుణ్ణి అడగడం మన పని.

రెండవది అమూల్ సంగతి. గుజరాత్ సహకార పాల సమాఖ్య పేరు తెలియనివారు లేరు. అమూల్ డీలర్‌షిప్, ఫ్రాంచైజీ ఇప్పిస్తామని కొందరు నకిలీ వెబ్‌సైట్లు పెట్టి జనం దగ్గర డబ్బు గుంజారు. వెతికినవారికి ఆ సైట్లు అసలువాటిలాగే కనిపించాయి. చివరకు ఆ సమాఖ్య ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళగా, 2020లో కోర్టు ఆ సైట్లను నిలిపివేయవలసిందిగా ఆదేశించింది. లక్షలాది రైతులు కష్టపడి సంపాదించిన మంచి పేరును మోసగాళ్ళు ఎరగా వాడుకున్నారు. మన సంఘాల పేరుతో, మన యూనియన్ల పేరుతో ఇటువంటిది జరగదని ఎవరు చెప్పగలరు?

ఇంకొక మోసం మన పల్లెల దాకా వచ్చింది. బ్యాంకుదో, గ్యాసుదో, పార్సిలుదో కస్టమర్ కేర్ నంబరు కావాలని గూగుల్‌లో వెతుకుతాము. మోసగాళ్ళు తమ నంబరును అసలు సంస్థ పేరుతో అక్కడ పెట్టి ఉంచుతారు. మనమే ఫోను చేస్తాము. అవతలివారు ఎంతో మర్యాదగా మాట్లాడి, ఒక లింకు నొక్కమంటారు, ఒక యాప్ వేసుకోమంటారు, ఓటీపీ చెప్పమంటారు. ఖాతా ఖాళీ అవుతుంది. తరువాత అడిగితే మనవాళ్ళు చెప్పే మాట ఒకటే. "వాళ్ళు చెయ్యలే సార్, మేమే చేసినం గదా, దొంగలని ఎట్ల అనుకుంటం?" ఈ మోసం కిటుకు అక్కడే ఉన్నది. మనంతట మనం చేసిన ఫోను కనుక అనుమానం రాదు.

కాబట్టి కస్టమర్ కేర్ నంబరును వెతికి తీసుకోవద్దు. బ్యాంకు పాసుపుస్తకం మీద, ఏటీఎం కార్డు వెనుక, గ్యాసు బిల్లు మీద, దాణా బస్తా మీద అచ్చయిన నంబరు చూడండి. ఇంకొక మాట గుర్తుంచుకోండి. డబ్బు పంపడానికే పిన్ కావాలి, డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. పాల బిల్లు జమ చేస్తాము, పిన్ కొట్టండి అని ఎవరైనా అంటే వారు మీ డబ్బు తీసుకోవడానికే అడుగుతున్నారు.

ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి ఇంట్లో దాచవద్దు. ఆ క్షణమే 1930 నంబరుకు ఫోను చేయండి. అది సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే జాతీయ నంబరు. ఎంత తొందరగా చెబితే పోయిన డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. తెల్లవారి పంచాయతీలో చెబుదామనుకుంటే డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

ఈ-మెయిలు ఎందుకు?

ఇప్పుడు రెండవ విషయానికి వస్తాము. ఈ-మెయిలు కొత్తది కాదు. 1971లోనే అమెరికాలో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటరు నుండి ఇంకొక కంప్యూటరుకు నెట్‌వర్కు ద్వారా ఉత్తరం పంపాడు. చిరునామాలో మనం వాడే ఎట్ గుర్తును ఎంచుకున్నది ఆయనే. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న అందుబాటులోకి వచ్చింది.

ఫోను చేసి చెబితే పోయేదానికి ఉత్తరం దేనికి అని కొందరు అడుగుతారు. ఫోనులో చెప్పిన మాటకు మరునాడు సాక్ష్యం ఉండదు. "మీరు చెప్పలేదు" అంటే అంతటితో సరి. ఈ-మెయిలులో తేదీ, సమయం, ఎవరు ఎవరికి పంపారు, ఏమి జతచేశారు అన్నీ ఉంటాయి. సమాచార సాంకేతిక చట్టం 2000 ఎలక్ట్రానిక్ రికార్డులకు చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చింది. మేము సంఘాలను తనిఖీ చేసేటప్పుడు ఇన్‌వర్డ్, అవుట్‌వర్డ్ రిజిస్టర్లు అడుగుతాము గదా! ఈ-మెయిలులో వచ్చిన ఉత్తరాల పెట్టె, పంపిన ఉత్తరాల పెట్టె అటువంటి రిజిస్టర్లే. ఖర్చు లేదు, పోస్టాఫీసుకు పోవలసిన పని లేదు.

సంఘానికి ఈ-మెయిలు పెట్టుకునేటప్పుడు పాటించవలసినవి ఇవి.

మొదటిది, చిరునామా సంఘం పేరు మీద ఉండాలి. కార్యదర్శి సొంత చిరునామాతో సంఘం ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపితే, ఆయన మారిన రోజున ఉత్తరాలన్నీ ఆయనతోనే పోతాయి. 1964 చట్టం కింద నడిచే సంఘమైనా, 1995 చట్టం కింద నడిచే సంఘమైనా, రికార్డు సంఘానిదే, వ్యక్తిది కాదు.

రెండవది, పాస్‌వర్డును బీరువా తాళంచెవిలాగా చూడాలి. గోడ మీద, క్యాలెండరు మీద రాయరాదు. ఒక కవరులో పెట్టి, సీలు వేసి, అధ్యక్షుని అధీనంలో బీరువాలో ఉంచండి. పాలకవర్గం మారినప్పుడు నగదు, చెక్కుబుక్కు, ముద్రతోపాటు పాస్‌వర్డు కూడా అప్పగించి మినిట్సులో రాయండి. కొత్తవారు అదే రోజు పాస్‌వర్డు మార్చాలి. ఖాతాకు జతచేసిన ఫోను నంబరు కూడా మార్చాలి.

మూడవది, ఖాతాను తెరవకుండా వదిలేయరాదు. రెండేళ్ళు వాడకుండా ఉన్న ఖాతాలను తొలగించే నియమం గూగుల్ పెట్టింది. వారానికి ఒక రోజు, ఉదాహరణకు బిల్లు చూసుకునే రోజున, తప్పక తెరవండి. స్పామ్ అనే పెట్టెలో కూడా చూడండి. అసలైన ఉత్తరాలు ఒక్కొక్కసారి అక్కడ పడి ఉంటాయి.

నాలుగవది, తెలియనివారు పంపిన జతపత్రాన్ని తెరవరాదు. "మీ సంఘానికి సబ్సిడీ మంజూరు అయినది, లింకు నొక్కండి" అని వస్తే, పంపినవారి చిరునామా చివర చూడండి. అనుమానం ఉంటే సంబంధిత కార్యాలయానికి పోయిగాని, మీ దగ్గర ముందే ఉన్న నంబరుకు ఫోను చేసిగాని తెలుసుకోండి. ఆ ఉత్తరంలో ఇచ్చిన నంబరుకు చేయవద్దు.

ఉత్తరం ఎట్లా రాయాలి?

చాలామంది విషయం అనే గడిని ఖాళీగా వదిలేస్తారు. లేదా "అర్జంట్" అని రాస్తారు. పెద్ద కార్యాలయానికి రోజూ అటువంటివి ఎన్నో వస్తాయి. ఊరు, సంఘం నంబరు, పని, తేదీలు విషయంలోనే ఉంటే, చదివేవారు తెరవకముందే ఎవరి బల్లకు పంపాలో తెలుస్తుంది. ఒక ఉత్తరంలో ఒకే పని అడగాలి. బిల్లు తేడా, దాణా కొరత, డాక్టరు రాకపోవడం మూడూ ఒకే ఉత్తరంలో రాస్తే మూడింటికీ జవాబు రాదు.

నమూనాకు ఒక ఉత్తరం చదువుతాము. అంకెలు ఉదాహరణకు మాత్రమే.

"విషయం: (ఊరు) పాల సంఘం, రిజిస్టరు నంబరు ఫలానా. మార్చి 1 నుండి 15 వరకు బిల్లులో వెన్న శాతం తేడా.

అయ్యా, మార్చి 6వ తేదీ ఉదయం మా సంఘం పంపిన పాలు 182 లీటర్లు. మా పరీక్షలో వెన్న 6.4 శాతం. బిల్లులో చూపినది 5.8 శాతం. ఆ పూట పాలు పంపిన చీటీ, మా రిజిస్టరు పేజీ ఫొటోలు జతపరిచాము. దయచేసి ఆ పూట లెక్కను మరల పరిశీలించి, తేడా ఉంటే వచ్చే బిల్లులో సరిచేయగలరు. ఇట్లు, అధ్యక్షుడు, కార్యదర్శి, సంఘం ఫోను నంబరు."

ఇందులో కోపం లేదు, బతిమాలడం లేదు. తేదీ, పూట, అంకె, రుజువు, అడిగే పని ఉన్నాయి. అంతే కావాలి. ఈ లెక్క ఎంతటిదో చూడండి. 182 లీటర్లు అంటే సుమారు 187 కిలోలు. అందులో 0.6 శాతం అంటే కిలోకు పైగా వెన్న. ఒక్క పూటలో కిలో వెన్న లెక్క తప్పితే అది ఎన్ని ఇళ్ళ పైసలు! అది అడగకపోతే నష్టపోయేది కార్యదర్శి కాదు, రెండు లీటర్లు పోసే పేద సభ్యురాలు. తేడా మన పరీక్షలోనే ఉన్నదని తేలినా మంచిదే. మన యంత్రం సరిచేయించుకోవచ్చు.

జతచేసే ఫొటోలు వెలుతురులో, నీడ పడకుండా, అంకెలు చదవగలిగేటట్లు తీయండి. జీమెయిలులో ఒక ఉత్తరానికి 25 ఎంబీ వరకే జతచేయవచ్చు కనుక అవసరమైనవే పంపండి. ముఖ్యంగా ఎవరికి పంపుతున్నారో ఆ చిరునామాను "టు" గడిలో, తెలియడానికి మాత్రమే ఎవరికి పంపుతున్నారో వారిని "సీసీ" గడిలో వేయండి. పై అధికారులందరినీ మొదటి ఉత్తరంలోనే చేర్చితే పని తొందరగా అవుతుందనుకోవడం సరికాదు. పని చేయవలసిన ఉద్యోగికి ముందుగా అవకాశం ఇవ్వాలి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే, కొత్త ఉత్తరం రాయక, పాత ఉత్తరం మీదనే "రిప్లై" నొక్కి గుర్తు చేయండి. అప్పుడు పై అధికారిని సీసీలో చేర్చండి. మొదటి ఉత్తరం, తేదీ అందులోనే కనిపిస్తాయి. ముఖ్యమైన ఉత్తరాలను అచ్చు తీసి ఫైలులో కూడా పెట్టండి. చట్టం సంతకం, ముద్ర కోరిన చోట కాగితం మీదనే పంపాలి.

సోదర సభ్యులారా, అందరి దగ్గర పెద్ద ఫోను లేదని మాకు తెలుసు. ఫోను ఉన్నా చదవలేనివారు ఉన్నారు. సహకార సంఘం ఉన్నది అందుకే. ఒకరికి వచ్చినది పదిమందికి నేర్పడం, ఒకరికి తెలిసిన మోసాన్ని పదిమందికి చెప్పడం కూడా సహకారమే. కాబట్టి వచ్చే సమావేశంలో మూడు పనులు ఎజెండాలో పెట్టవలసిందిగా కోరుతున్నాము.

ఒకటి, సంఘం పేరుతో ఈ-మెయిలు చిరునామా ఏర్పాటు, దాని అప్పగింతపై తీర్మానం. రెండు, పాలు పోసే గది గోడ మీద పెద్ద అక్షరాలతో నంబర్లు రాయించడం: సైబర్ మోసాలకు 1930, సంచార పశువైద్య సేవకు 1962, వ్యవసాయం, పశుపోషణ సందేహాలకు కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551. ఇవి గోడ మీద ఉంటే ఎవరూ గూగుల్‌లో వెతకనక్కరలేదు. మూడు, నెలకు ఒక సాయంత్రం, చదువుకుంటున్న ఆడపిల్లలను, మగపిల్లలను పిలిచి సభ్యులకు ఫోనులో వెతకడం నేర్పించడం. పిన్, ఓటీపీ మాత్రం పిల్లలకు కూడా చెప్పనవసరం లేదు.

పాలలో నీళ్ళు కలిస్తే కనిపెట్టే నేర్పు మీకు ఉన్నది. మాటలో నీళ్ళు కలిస్తే కనిపెట్టడం కూడా అలవాటుతో వస్తుంది.  ప్రశ్నలు ఉంటే అడగండి, ఫోన్లు బయటకు తీయండి, ఇప్పుడే చేసి చూద్దాము.

జై సహకార్.